ఇరుకు అంటే సరిపోయేది

మెడలోంచి తలకు రక్తం తీసుకెళ్ళే నాళం సన్నబడితే దాన్ని స్టెనోసిస్ అంటారు. ఆ మాట మా ఇంట్లో అడుగుపెట్టి ఏడాది దాటింది. అప్పటినుంచి నాకు కోపం దిగలేదు. మొదట డాక్టరు మీద వచ్చింది, తర్వాత గ్రీకుల మీద వచ్చింది, మధ్యమధ్యలో మా ఆయన మీద వచ్చింది, చివరికి ఎవరి మీద రావాలో వాళ్ళ మీదే వచ్చి కూర్చుంది. దీన్ని శాంతంగా చెప్పడం నా వల్ల కాదు. శాంతంగా చెప్పేవాళ్ళు కావాలంటే వేరే ఎవరినైనా చూసుకోండి.

నేను కంచన్‌బాగ్‌లో ఒక రక్షణ పరిశోధనశాల ఆఫీసులో ముప్పై మూడేళ్ళు స్టెనోగ్రాఫరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది తెనాలి దగ్గర. ఉద్యోగం కోసం వచ్చి సంతోష్‌నగర్‌లో దిగాం, ఇక్కడే ఉండిపోయాం. మా ఆయన లెక్కల మాస్టారు. దబీర్‌పురా స్టేషనుకి అవతల ఒక సర్కారు బడిలో ఆయన ఉద్యోగమంతా గడిచింది.

ఆయన గొంతు గురించి చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దాని గురించే. ఆయన ఎక్కం చెప్పిస్తుంటే ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడ్డవాళ్ళకి కూడా ఎక్కం వచ్చేసేదని తోటి టీచర్లు అనేవారు. కృష్ణా నీళ్ళు తాగి పెరిగిన మనిషి, వచ్చిన రెండేళ్ళలో దక్నీ ఉర్దూ ఎంత నేర్చుకున్నారంటే, బండి మీద పళ్ళమ్మేవాళ్ళు ఈయన్ని ఇక్కడివాడే అనుకునేవారు. తిట్టాలంటే ఆయనకి మూడు భాషలు కావాలి. ఇంట్లో మేం రోజూ పోట్లాడుకునేవాళ్ళం. పప్పులో ఉప్పు దగ్గర మొదలై, మా పెళ్ళిలో మా మేనమామ అన్న మాట దాకా వెళ్ళేది. ఎవరో ఒకరు లేచి టీ పెడితే ఆగేది. ఆ పోట్లాటలు నాకు ఇష్టం. ఆ సంగతి అప్పట్లో ఆయనకి చెప్పలేదు.

షార్ట్‌హ్యాండ్ తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. అది అక్షరాలతో రాసేది కాదు. మాట చప్పుడు ఎలా ఉంటే అలా ఒక గీత, ఒక వంపు, ఒక చుక్క. మాటకి అర్థమేమిటన్నది రాసేవాళ్ళకి అనవసరం. తెనాలిలో మాకు నేర్పిన మాస్టారు మొదటిరోజే చెప్పారు, "మాట చెవిలోంచి తిన్నగా చేతిలోకి దిగాలమ్మా. మధ్యలో బుర్ర తగిలిందంటే స్పీడు పడిపోతుంది." నాకు బుర్ర తగలకుండా రాయడం బాగా వచ్చింది. నిమిషానికి నూట ఇరవై మాటలు రాసేదాన్ని. ఆఫీసరు చెబుతుంటే మధ్యలో ఆపి, "ఏమన్నారు సార్?" అనడం మా వృత్తిలో నామర్దా. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా అనలేదు. అలా అనలేదని రిటైరైన రోజు సభలో పొగిడారు కూడా.

పైగా మా ఆఫీసులో ఇంకో పద్ధతి ఉండేది. రాసుకున్నది టైపు చేసి ఇచ్చాక ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టాలి. గేటు దాటేలోపు అందులో ఏముందో మరిచిపోవాలి. రక్షణ వ్యవహారం కదా. నేను ఎంత చక్కగా మరిచిపోయేదాన్నంటే, ఒకసారి మా ఆయన, "ఇవాళ ఏం రాశావోయ్?" అని ఊరికే అడిగితే నిజంగానే ఏమీ గుర్తు రాలేదు. నేను దాస్తున్నాననుకుని ఆయన రెండు రోజులు మూతి ముడుచుకున్నారు.

నిరుడు వేసవిలో మామూలుగా బీపీ చూపించుకోవడానికి వెళితే, అక్కడి డాక్టరు మా ఆయన మెడ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. ఏదో చప్పుడు వస్తోందన్నారు. మెడకి స్కానింగ్ చేయించుకుని, ఆ కాగితాలు తీసుకుని పెద్దాసుపత్రిలో ఫలానా స్పెషలిస్టుకి చూపించమన్నారు. మేం అలాగే చేశాం. రెండున్నర గంటలు కుర్చీల్లో కూర్చున్నాక మమ్మల్ని లోపలికి పిలిచారు.

ఆ స్పెషలిస్టు నాలుగు నిమిషాలు మాట్లాడి ఉంటారు. అంతా ఇంగ్లీషు. కుర్చీలో కూర్చోగానే నేను బ్యాగులోంచి నోటుబుక్కు తీశాను. రిటైరైనా నా బ్యాగులో ఒక స్పైరల్ నోటుబుక్కు, చెక్కిన పెన్సిళ్ళు రెండు ఉంటాయి. అది చూసి డాక్టరు ముచ్చటపడ్డారు. "మేడం నోట్ చేసుకుంటున్నారు, గుడ్," అని ఇంకాస్త స్పీడు పెంచారు. నాకూ పౌరుషం వచ్చింది. అంత స్పీడు మనిషి దొరికి చాలా కాలమైంది. లెఫ్ట్ ఇంటర్నల్ కెరోటిడ్ ఆర్టరీ, స్టెనోసిస్, ప్లాక్, ఇంకా ఏవేవో. నా చెయ్యి పరుగెత్తింది. ఒక్క మాట వదల్లేదు. మధ్యమధ్యలో గంగిరెద్దులా తల కూడా ఊపాను. మా ఆయన డాక్టరు వైపు చూడటం మానేసి నా చేతివైపే చూస్తూ కూర్చున్నారు. అది కదులుతోంది కాబట్టి ఆయనకి నిశ్చింత.

బయటికి వచ్చాక వరండాలో అడిగారు, "ఏమన్నాడోయ్?"

"అంతా రాసుకున్నాను," అన్నాను.

"రాసుకున్నావుగా, సరే పద," అన్నారు.

అంతే మా ఇద్దరి మధ్య జరిగిన మాట. ఎన్ని వందలసార్లు తలుచుకున్నానో. ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. లెక్కల మాస్టారు కదా, బడిలో పిల్లవాడు ఇలాంటి జవాబు చెబితే బెంచీ ఎక్కించేవారు. నన్ను మాత్రం నమ్మారు.

ఇంటికొచ్చాక ఆ రాత్రే నోట్సు విప్పి తిన్నగా రాసిపెడదామనుకున్నాను. మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో మందుల షాపువాడు కవర్ల మీద రాసిచ్చాడు. నెలయ్యాక మళ్ళీ రమ్మన్నారన్న సంగతి చీటీ మీదే ఉంది. ఇంక తొందరేముందిలే అనుకున్నాను. ఆఫీసులో అయితే అదే రోజు టైపు కొట్టకుండా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. ఇంట్లో మాత్రం నోటుబుక్కు టీవీ బల్ల సొరుగులో పడేసి పప్పు పొయ్యి మీద పెట్టాను.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఇద్దరం దబీర్‌పురా వైపు వెళ్ళాం. అక్కడ స్టేషను దగ్గర ఒక పళ్ళ బండాయన ఉన్నాడు. అతని ఇద్దరు కొడుకులూ మా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. షుగరు ఉన్న మనిషికి మామిడిపళ్ళెందుకని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఆయన వినకుండా బేనిషాన్ పళ్ళు ఏరుతూ బేరం మొదలుపెట్టారు.

"క్యా మియా, హర్ సాల్ యహీచ్ భావ్ బోల్తే," అన్నారు, ఏటా ఇదే ధరా అని. బండాయన నవ్వి ఏదో అన్నాడు. దానికి ఈయన జవాబు చెప్పబోయారు. నోట్లోంచి వచ్చింది ఉర్దూ కాదు, తెలుగు కాదు. మాటలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్దలా వచ్చాయి. కుడిచేతిలో సంచీ జారి కింద పడింది. రెండు పళ్ళు బండి కిందికి దొర్లిపోయాయి. ఆయన ఆ చేతివైపు చూసుకుంటూ నిలబడ్డారు.

"క్యా హువా మాస్టర్ సాబ్? ధూప్ లగీ క్యా?" అని, ఎండ తగిలిందనుకుని బండాయన తన స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు. నీళ్ళు ఇచ్చాడు. నేను కొంగుతో విసిరాను. నాలుగైదు నిమిషాలు గడిచాయేమో. తర్వాత ఆయన మామూలు మనిషైపోయారు. వేళ్ళు ముడిచారు, తెరిచారు. "ఏమిటలా గుడ్లప్పగించి చూస్తున్నావు?" అని నన్నే కసిరారు. ఆ కసురు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పైగా ఆయన అడిగిన ధరకే పళ్ళిచ్చాడు బండాయన. "చూశావా, జాలిపడి తగ్గించాడు," అన్నారు ఆటోలో. ఇద్దరం నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతోంది. వడదెబ్బ అనుకుని ఇంటికెళ్ళి ఉప్పేసిన మజ్జిగ ఇచ్చాను.

మూడో రోజు పొద్దున ఆయన పేపరు పైకి చదువుతున్నారు. నేను వంటింట్లో ఉంటే హెడ్డింగులు అరిచి చెప్పడం ఆయనకి అలవాటు. ఒక హెడ్డింగు సగంలో ఆగిపోయింది. మిగతా సగం కోసం నేను కాసేపు చూశాను. తర్వాత కుర్చీ పడిన చప్పుడైంది. వెళ్ళేసరికి నేల మీద ఉన్నారు. కుడివైపు మొహం జారిపోయింది. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. ఏదో చెప్పాలని చూస్తున్నారు. గొంతు వస్తోంది, మాట రావడం లేదు.

మా వీధి చివర ఒక ఆటో ఆయన ఉంటాడు. అందరం భాయ్ అనే పిలుస్తాం. అతనే వచ్చి ఈయన్ని భుజానేసుకుని ఆటోలో పడుకోబెట్టాడు. ఈసారి దగ్గరలో ఉన్న వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఈయన్ని చూస్తూనే నన్ను ప్రశ్నలడిగింది. ఇంతకుముందు ఎప్పుడైనా చెయ్యి పట్టు తప్పిందా, మాట తడబడిందా అంది. స్కానింగు కాగితాలు చూపించి, పళ్ళ బండి సంగతి చెప్పాను.

ఆవిడ రాస్తున్న పెన్ను ఆగింది. "అది జరిగిన వెంటనే తీసుకురావాలి కదమ్మా. స్కానింగులో ఉందని తెలిసి కూడా... మీకెవరూ చెప్పలేదా?"

"లేదు," అన్నాను. గట్టిగా అన్నాను. నాకు తెలిసినంతవరకూ అది నిజం.

ఈయన్ని లోపలికి తీసుకెళ్ళాక వరండాలో స్కానింగు కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. భాయ్ వెళ్ళిపోకుండా నా పక్కనే నిలబడ్డాడు.

"అమ్మా, ఫికర్ చెయ్యకు. సార్‌కి ఏం గాదు. ఏమైందంటున్రు?"

"స్టెనోసిస్ అంట," అన్నాను.

"గదంటే ఏంది?"

రక్షణ శాఖ సైంటిస్టులు చెప్పిందంతా తప్పుల్లేకుండా రాసినదాన్ని, మా ఆయన మెడలో ఏముందో చెప్పలేకపోయాను. భాయ్ నా చేతిలోంచి కాగితం తీసుకుని బొమ్మ చూశాడు. వేలు పెట్టి చూపించాడు.

"గీడ సన్నగ అయింది, కనబడుతుంది గదా. నస్ తంగ్ అయింది. మా మామూకి గూడ గట్లనే అయితే, ఆయన డాక్టర్ సాబ్ సాఫ్ సీదా చెప్పిండు. నస్ తంగ్ అయింది, చెయ్యి జర సున్నపడ్డా, తిమ్మిరెక్కినా ఉరికి రమ్మని. ఉరికిండు, బతికిండు. గంతే. గీ ముక్క చెప్తే అయిపాయె గదమ్మా, గింత పెద్ద పేరెందుకు?"

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. పాతబస్తీలో తంగ్ గల్లీ అంటే తెలియనిదెవరికి? ఆటో దూరదు, నడిచి పోవాలి. ఆ ఒక్క మాట ఎవరో ఒక ముసలాయనకి చెప్పారు, ఆయన బతికాడు. మాకెందుకు చెప్పలేదు?

ఆ కోపంలోనే ఫోనులో ఆ మాట వెతికాను. స్టెనోస్ అనేది గ్రీకు మాటట. ఇరుకు అని దాని అర్థం. చివర తగిలించిన ఓసిస్ అంటే ఆ స్థితి అట. ఇరుకుగా ఉన్న స్థితి. అంతే. ఇంకేమీ లేదు. వీధి ఇరుకుగా ఉందని, గది ఇరుకుగా ఉందని అక్కడి ఇల్లాళ్ళు కూడా వాడుకునే మాట. కెరోటిడ్ కూడా చూశాను. మొద్దునిద్ర, మత్తు అనే అర్థమున్న పాత గ్రీకు మాటలోంచి వచ్చిందట. మెడ పక్కన ఆ నాళం నొక్కితే మనిషి మత్తులోకి జారిపోతాడని వాళ్ళెప్పుడో గమనించి ఆ పేరు పెట్టారట. వాళ్ళు తమ పిల్లలకి కూడా అర్థమయ్యేలా పెట్టుకున్న పేర్లు మన దగ్గరికొచ్చేసరికి బ్రహ్మపదార్థాలైపోయాయి. రిసెప్షన్ దగ్గర తెలుగు కరపత్రం ఉంటే అదీ తీసుకున్నాను. అందులో అంతర కంఠధమనీ సంకోచము అని ఉంది. దానికన్నా గ్రీకే నయం.

చదువుతూ చదువుతూ ఉంటే కింద ఇంకో ముక్క కనపడింది. స్టెనోగ్రఫీ కూడా ఆ మాటలోంచే పుట్టిందట. ఇరుకు రాత. అప్పుడు గుర్తొచ్చింది. తెనాలిలో మాస్టారు ఈ సంగతి కూడా మొదటిరోజే చెప్పారు. స్టెనో అంటే గ్రీకులో ఇరుకమ్మా, తక్కువ చోట్లో ఎక్కువ రాసే విద్య అన్నారు. ముప్పై మూడేళ్ళు అందరూ నన్ను స్టెనో మేడం అని ఆ మాటతోనే పిలిచారు. డాక్టరు అదే మాట నా ఎదురుగా నాలుగుసార్లు అంటే, నాలుగుసార్లూ గీత గీసి ఊరుకున్నాను. బుర్ర తగల్లేదు. ఫోను సంచిలో పడేశాను. నేలకేసి కొడదామనిపించింది కానీ ఈయన గురించి ఎవరైనా ఫోను చేస్తారని ఆగాను.

ప్రాణం దక్కింది. పద్దెనిమిది రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. కర్ర పట్టుకుని నడవడం వచ్చింది. మాట మాత్రం రాలేదు. మనం చెప్పింది అంతా అర్థమవుతుంది. పేపరు చూపిస్తే హెడ్డింగు మీద వేలు పెట్టి మొహం చిట్లిస్తారు. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోటి దాకా రాదు. మాటలు నేర్పడానికి వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి వస్తుంది. గ్లాసు చూపించి ఇదేమిటి అంటే చెప్పలేరు. నన్ను చూపించి ఈవిడెవరు అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఒకరోజు ఆ అమ్మాయి, "ఒకటి, రెండు అనండి సార్," అంటే గడగడా పదిదాకా చెప్పేశారు. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. సంబరపడొద్దని ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. అలవాటుగా వరసలో వచ్చేవి ఇలా మిగిలిపోతాయట, అది మాట్లాడటం కిందికి రాదట. పదకొండు అనమంటే ఆయన నోరు అలాగే ఉండిపోయింది.

పోట్లాటల్లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పప్పులో ఉప్పు ఎక్కువైనా కంచం ఖాళీ చేసి లేచిపోతారు.

ఈ నెలలన్నీ నేను ఆ స్పెషలిస్టుని తిట్టుకుంటూ బతికాను. లోపల తిట్టుకుని ఊరుకోలేదు. పాలవాడికి చెప్పాను, ఎదురింటావిడకి చెప్పాను, పెన్షనర్ల మీటింగులో లేచి మరీ చెప్పాను. "స్కానింగులో అంత ఉంటే, ప్రమాదమని ఒక్క ముక్క చెప్పలేదు," అని. విన్నవాళ్ళంతా అయ్యో అన్నారు. కంప్లయింట్ ఇవ్వండి, ఇలాంటివాళ్ళని వదలకూడదు అన్నారు. వదిలే ఉద్దేశం నాకూ లేదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. మా ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. విషయం ఆయనకి చెప్పే మొదలుపెట్టాను. ఆయనా తల ఊపారు.

ఉత్తరాలు రాయడంలో నాకు ఎవరూ సాటిరారు. ఏ తేదీన, ఎన్ని గంటలకి, ఏ గదిలో అన్నీ వరసగా టైపు చేశాను. డాక్టరు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా పెడితే తప్పించుకోవడానికి దారి ఉండదని నోటుబుక్కు తెప్పించుకుందామనుకున్నాను. తెచ్చేదెవరు, నేనే లేచి వెళ్ళి సొరుగులోంచి తీశాను. ఆ పేజీల మీద అడ్డగీత లేదు. టైపు కాని నోట్సు నా జీవితంలో అదొక్కటే.

నా రాత నేను చదవడానికి నాకు కష్టమేముంది. ఒక్కో గీతా విప్పుకుంటూ టైపు చేస్తూ పోయాను. ఎడమవైపు నాళం, ఎంత సన్నబడింది, ఏ మాత్ర ఎందుకు. రెండో పేజీ మధ్యకి వచ్చాను. అక్కడ ఇలా ఉంది.

చెయ్యి గాని కాలు గాని పట్టు తప్పినా, మాట తడబడినా, ఒక కన్ను మసకేసినా, అది అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా సరే, అదే గంటలో ఆసుపత్రికి తీసుకురావాలి. తగ్గింది కదా అని ఇంట్లో ఉండకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

దాని కింద ఇంకో గీత ఉంది. ఏమైనా అడగాలా? అని. డాక్టరు నన్ను అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పకుండా దాన్ని కూడా రాసుకున్నాను. ఆ తర్వాత, ఓకే, గుడ్. అది కూడా రాసుకున్నాను.

గీతలు చాలా బాగా వచ్చాయి. ఎక్కడా వణుకు లేదు. నా చెయ్యి అంత అందంగా రాసినందుకు దాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది. పళ్ళ బండి దగ్గర సంచీ జారిన రోజుకి ఈ మాటలు పది రోజులుగా మా ఇంట్లో ఉన్నాయి. మేం మామిడిపళ్ళు కోసుకుని టీవీ చూస్తూ తింటుంటే బల్ల సొరుగులో ఉన్నాయి. నేను ఊరందరికీ ఏమని చెప్పుకొచ్చాను? చెప్పలేదు అని. డాక్టరమ్మ అడిగితే ఎంత గట్టిగా అన్నాను, లేదు అని!

డాక్టరు మీద కోపం పోలేదు. చెప్పింది చెప్పాడు, సరే. ఎదుటి ముసలాళ్ళకి అర్థమైందా లేదా అని ఒక్కసారి మొహంలోకి చూడలేదు. ఇరుకు అనే, చంటిపిల్లలకి కూడా తెలిసే మాట ఉండగా స్టెనోసిస్ అన్నాడు. ఆ కోపం ఆ కోపమే, దాన్ని నేను ఎవరికీ వదిలిపెట్టను. కానీ ఉత్తరంలో మాత్రం ఇంక ఏం రాయగలను? టైపు చేసిందంతా చెరిపేశాను.

చప్పుడు ఆగేసరికి ఎదురుగా మా ఆయన తలెత్తారు. ఏమిటన్నట్టు ఎడమచెయ్యి తిప్పారు. నోటుబుక్కులో దూర్చిన పెన్సిలు అలాగే ఉంది. ఆ పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి, మా ఆఫీసు పద్ధతిలో మరిచిపోవచ్చు. నా షార్ట్‌హ్యాండ్ ఈ ఊళ్ళో ఇంకెవరూ చదవరు. ఆయనకైతే ఆ గీతలు అసలే రావు. అబద్ధమెందుకు, ఒక నిమిషం ఆ ఆలోచన చేశాను.

తర్వాత కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్ళకి నా మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని చదివాను. ఇంగ్లీషులో కాదు. మెడలో నరం ఇరుకైంది అని మొదలుపెట్టి, ప్రతి ముక్కా తెలుగులో, మెల్లగా, ఆయన కళ్ళు చూస్తూ చెప్పాను. అయిదు నిమిషాల్లో తగ్గినా సరే అన్న మాట దగ్గర ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నారు. ఆపలేదు నేను. ఏమైనా అడగాలా అని డాక్టరు అడిగితే నేను అడగలేదని కూడా చెప్పాను.

"ఆయన చెప్పాడండీ. నేనే వినలేదు," అన్నాను.

పర్వాలేదన్నట్టు నా తల నిమురుతారేమోనని భయపడ్డాను. నిమిరితే భరించలేకపోయేదాన్ని. ఆయన నిమరలేదు. మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. మూడు భాషల్లో తిట్టగల మనిషి నన్ను తిట్టడానికి ఒక్క మాట కోసం వెతుక్కుంటున్నారు.

"తిట్టండి," అన్నాను. "తిట్టండి, ఫర్లేదు."

కర్ర నేలకేసి కొట్టారు. "ఒకటి!" అని అరిచారు. గొంతు ఆయనదే, బడి గొంతు. పక్కవాటా కిటికీ తెరుచుకుంది. "రెండు! మూడు, నాలుగు..." నాలుగు దగ్గర గొంతు పైకి లేచింది, అయిదు దగ్గర విరిగింది, ఆరూ ఏడూ పళ్ళ బిగువున వచ్చాయి. ప్రతి అంకెలో ఆయన ఏమంటున్నారో నాకు తెలుస్తూనే ఉంది. ఎనిమిది అంటూ వేలు నా మొహం మీదికి పెట్టారు. తొమ్మిదికి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పది అని ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.